పాడేరు నుంచి వైజాగ్‌కు: గాయపడిన మనిషిని హెలికాప్టర్‌లో తేవాలా, అంబులెన్స్‌లోనా?

ఘాట్ రోడ్డు మీద బస్సో జీపో లోయలో పడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ విశాఖలో ఒక మాట వినిపిస్తుంది: "హెలికాప్టర్ ఉండుంటే బతికేవాళ్లు." 2021 ఫిబ్రవరిలో పర్యాటకుల బస్సు డముకు దగ్గర లోయలో పడింది. 2023 ఆగస్టులో పాడేరు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు పడింది. పేపర్లలోకి ఎక్కని బైకు ప్రమాదాలు, చెట్టు మీంచి పడిన కేసులు ఏజెన్సీలో ఏడాది పొడవునా ఉంటూనే ఉంటాయి. ఆ మాట బాధలోంచి వస్తుంది కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే నిజంగా ఎవరు బతికేవాళ్లు, ఎవరికి తేడా ఉండేది కాదు, ఎవరికి హెలికాప్టరే ప్రమాదం అయ్యేది అన్నది విడివిడిగా చూడాలి. అలా చూడకపోతే డబ్బు ఒకచోట పెడతాం, ప్రాణాలు ఇంకోచోట పోతుంటాయి.

ఇక్కడ మాట్లాడేది ప్రమాదం జరిగిన చోటు నుంచి ఆసుపత్రికి తెచ్చే ప్రయాణం గురించి కాదు. దాని తర్వాతి ప్రయాణం గురించి. మన దగ్గర గాయపడిన మనిషిని ముందు పాడేరుకో, అరకుకో, నర్సీపట్నానికో చేరుస్తారు. అక్కడ డాక్టర్ చూసి, "తలలో రక్తం గడ్డ కట్టినట్టుంది, ఇక్కడ న్యూరోసర్జన్ లేరు, వైజాగ్ తీసుకెళ్లండి" అంటారు. రిఫర్ చేశారన్న ఆ ఒక్క మాటతో కుటుంబానికి అసలు టెన్షన్ మొదలవుతుంది. 1923 నుంచి ఉన్న కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), హనుమంతవాక దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి విమ్స్, ఆరిలోవ హెల్త్ సిటీలోని ప్రైవేటు ఆసుపత్రులు, వీటి వైపు చూసేది ఒక్క విశాఖ జిల్లా కాదు. ఉత్తరాంధ్ర మొత్తం, ఆపైన ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ కూడా. అందుకే ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తరలించడం ఈ ఊరికి రోజూ ఉండే సమస్య.

టైమ్ అంటే ఒకటి కాదు, మూడు

హెలికాప్టర్ వేగం గంటకు 200 కిలోమీటర్ల పైన. ఘాట్‌లో అంబులెన్స్ 40 దాటితే గొప్ప. ఇంతవరకు చూస్తే వాదన అక్కడే ముగిసినట్టు అనిపిస్తుంది. కానీ రోగికి పనికొచ్చే టైమ్ మూడు రకాలు. పంపాలని నిర్ణయించిన క్షణం నుంచి ఆపరేషన్ థియేటర్ చేరేదాకా పట్టే మొత్తం టైమ్ ఒకటి. రోగి ఏ ఆసుపత్రిలోనూ లేకుండా దారిలో గడిపే టైమ్ రెండోది. తీవ్రంగా గాయపడినవాళ్లను చూసిన అనుభవం ఉన్న డాక్టర్ చేయి రోగి మీద పడేదాకా పట్టే టైమ్ మూడోది. ఈ మూడింటినీ కలిపి ఒకే "వేగం"గా మాట్లాడుకోవడం వల్లే మన చర్చ ఎటూ తేలదు.

పాడేరునే తీసుకుందాం. విశాఖకు రోడ్డు మీద సుమారు 110 కిలోమీటర్లు, ఘాట్ దిగి వచ్చేసరికి మూడు గంటలు అనుకోవచ్చు. కాకి ఎగిరే దారిలో అయితే 80 కిలోమీటర్లే. అంటే గాల్లో పాతిక నిమిషాలు. ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. హెలికాప్టర్ విశాఖలోనే సిద్ధంగా ఉందనుకుందాం. కబురు అందాక అనుమతులు, వాతావరణం చూడటం, డాక్టర్ ఎక్కడం, ఇంజన్ స్టార్ట్ చేయడం, వీటికి 40 నిమిషాలు. వెళ్లడానికి 25. ఆసుపత్రి నుంచి రోగిని దిగిన మైదానానికి తెచ్చి, గొట్టాలూ మానిటరూ మార్చి ఎక్కించడానికి 30. తిరిగి రావడానికి 25. విశాఖ విమానాశ్రయంలో దిగితే అక్కడ మళ్లీ స్ట్రెచర్ మార్చి, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు ట్రాఫిక్ దాటి కేజీహెచ్ చేరడానికి 40. మొత్తం 160 నిమిషాలు. రోడ్డు మీద అయితే అంబులెన్స్‌ను సిద్ధం చేయడానికి 15, ప్రయాణానికి 180, మొత్తం 195. పాతిక నిమిషాల ప్రయాణం, మూడు గంటల ప్రయాణం అనుకున్న వాటి మధ్య చివరికి మిగిలిన తేడా 35 నిమిషాలు.

హెలికాప్టర్ ఆసుపత్రి ఆవరణలోనే దిగగలిగితే ఈ తేడా గంటకు పైగా పెరుగుతుంది. అదే హెలికాప్టర్ విజయవాడ నుంచి బయలుదేరాలంటే తేడా మొత్తం కరిగిపోయి, రోడ్డు అంబులెన్సే ముందు చేరుతుంది. కాబట్టి ఫలితాన్ని తేల్చేది గాల్లో వేగం కంటే ఆ రెక్కలు ఎక్కడ నిలబడి ఉన్నాయి, ఎక్కడ దిగుతాయి అన్నదే.

మిగిలిన రెండు టైమ్‌లూ చూస్తే మాత్రం హెలికాప్టర్ బలం ఇంకోలా కనిపిస్తుంది. పై లెక్కలోనే రోగి ఆసుపత్రి బయట గడిపేది సుమారు గంటన్నరే. రోడ్డు మీద అది మూడు గంటలు. హెలికాప్టర్‌లో ట్రామా డాక్టర్ (తీవ్ర గాయాలు చూసే డాక్టర్) వస్తే, ఆయన కబురు అందిన గంటా పావుకల్లా పాడేరు ఆసుపత్రిలో రోగి పక్కన ఉంటారు. రోడ్డు మీద పంపితే ఆ స్థాయి డాక్టర్ కనిపించేది కేజీహెచ్ క్యాజువాలిటీలోనే. వెంటిలేటర్ మీద ఉన్న తలగాయం రోగికి దారిలో గడిపే టైమ్ తగ్గడం చాలా మేలు. కడుపులో రక్తస్రావం అవుతున్న మనిషికి మొత్తం టైమే ముఖ్యం, ఎందుకంటే ఆ రక్తాన్ని ఆపేది సర్జన్ చేయి ఒక్కటే. ఒకే ప్రమాదంలో గాయపడిన ఇద్దరికి రెండు వేర్వేరు జవాబులు సరైనవి కావచ్చు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి

అమెరికాలో 2007 నుంచి 2009 వరకు తీవ్రంగా గాయపడిన 2,23,475 మంది పెద్దవాళ్ల వివరాలను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2012లో వచ్చింది. గాయాల తీవ్రత లాంటి తేడాలను సరిచేసి లెక్కిస్తే, పెద్ద ట్రామా సెంటర్లకు హెలికాప్టర్‌లో తెచ్చిన ప్రతి 65 మందికి ఒకరు అదనంగా బతికారని తేలింది. ఆ ఒక్కరు ఎవరి బిడ్డో అనుకుంటే అది చిన్న సంఖ్య కాదు. కానీ మిగతా 64 మందికి ఫలితం రోడ్డు మీద వచ్చినా అదే. పైగా అది ప్రమాద స్థలం నుంచి తెచ్చినవాళ్ల గురించిన లెక్క. ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి పంపినవాళ్ల గురించి 2011లో వచ్చిన మరో అధ్యయనంలో, గాయాల తీవ్రత స్కోరు (గాయాలు ఎంత పెద్దవో చెప్పే అంకె) 15 దాటినవాళ్లకే, అంటే బాగా తీవ్రంగా గాయపడినవాళ్లకే హెలికాప్టర్ వల్ల మేలు కనిపించింది. అంతకంటే తక్కువ గాయాలున్నవాళ్లకు కనిపించలేదు. ఈ రకం అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూసిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, పద్ధతుల్లో తేడాలు ఎక్కువగా ఉన్నందున ఖచ్చితమైన తీర్పు ఇవ్వలేమని చెప్పింది.

ఎందుకు ఇంత అస్పష్టత? హెలికాప్టర్ వచ్చిందంటే దాంతోపాటు అనుభవం ఉన్న సిబ్బంది, మంచి వెంటిలేటర్, మందులు కూడా వస్తాయి. బతికించింది రెక్కలా, ఆ సిబ్బందా అన్నది విడదీయడం కష్టం. నాకైతే ఇదే ఈ విషయం మొత్తంలో అతి ముఖ్యమైన ప్రశ్న. సిబ్బందే కారణమైతే, అదే సిబ్బందిని రోడ్డు అంబులెన్స్‌లో కూర్చోబెడితే ఆ మేలులో ఎక్కువ భాగం చాలా తక్కువ ఖర్చుతో దొరుకుతుంది కదా.

దూరం గురించి కూడా ఒక పనికొచ్చే కొలత ఉంది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ప్రాంతంలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 16 కిలోమీటర్ల లోపు రోడ్డు అంబులెన్సే ముందు చేరింది. రెండింటికీ ఒకేసారి కబురు పంపితే ఆ దూరం దాటాక హెలికాప్టర్ గెలిచింది. ముందు అంబులెన్స్‌ను పంపి, తర్వాత ఆలోచించి హెలికాప్టర్‌ను పిలిస్తే మాత్రం 72 కిలోమీటర్లు దాటాకే దానికి లాభం వచ్చింది. అదీ ప్రమాద స్థలాల లెక్కే, అక్కడి రోడ్లూ వేరు. అయినా సూత్రం మనకూ వర్తిస్తుంది. ఆలస్యంగా తీసుకున్న నిర్ణయం హెలికాప్టర్ లాభాన్ని మింగేస్తుంది.

దీన్ని మన మ్యాపు మీద పెట్టి చూడండి. విజయనగరం, అనకాపల్లి నుంచి హెలికాప్టర్ అడగడంలో అర్థం లేదు. శ్రీకాకుళం దూరమే అయినా పదహారో నంబరు జాతీయ రహదారి మీద రెండు గంటల్లో వచ్చేస్తారు. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఆరు వరుసల బైపాస్ వచ్చాక ఆరిలోవ వైపు వెళ్లే అంబులెన్స్ గాజువాక రద్దీలో ఇరుక్కోనక్కర్లేదు. మిగిలేది పై మన్యం: పాడేరు, అరకు, ముంచంగిపుట్టు, పెదబయలు, చింతపల్లి, ఆపైన కోరాపుట్ వైపు కొండలు. మ్యాపులో హెలికాప్టర్‌కు న్యాయమైన చోటు అదే. ఇంకొకటి సముద్రం. ఓడలో గాయపడిన మనిషిని నడి సముద్రం నుంచి తేవాలంటే రోడ్డు ప్రశ్నే రాదు. నేవీ, కోస్ట్ గార్డ్ హెలికాప్టర్లు ఆ పని చేస్తూనే ఉన్నాయి.

గాల్లో ఒంటికి ఏమవుతుంది

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గి, ఒంట్లో చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది. పక్కటెముక విరిగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన మనిషికి ఇది ప్రాణాంతకం కావచ్చు. హైదరాబాద్‌కో చెన్నైకో తీసుకెళ్లే ఎయిర్ అంబులెన్స్ విమానంలో, క్యాబిన్ పీడనం 8,000 అడుగుల ఎత్తుకు సమానమైతే ఆ గాలి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. అందుకే ఛాతీలో గొట్టం వేయకుండా అలాంటి రోగిని విమానం ఎక్కించకూడదు. హెలికాప్టర్ అంత ఎత్తుకు వెళ్లదు. పాడేరే సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. కొండలు దాటడానికి ఇంకాస్త పైకి లేచినా ఉబ్బేది పదో వంతుకు అటూ ఇటూ. ఆ తర్వాత తీరం దాకా అంతా దిగుడే, గాలి కుదించుకుపోతుంది. ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోని చిక్కు ఒకటి ఉంది. శ్వాసనాళంలో వేసిన గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న గాలి బుడగ కూడా కుదించుకుపోయి లీక్ కావచ్చు. రోడ్డు మీద ఘాట్ దిగినా ఇదే జరుగుతుంది. ఎటు పంపినా దారిలో ఆ బుడగ పీడనం మళ్లీ చూసుకోవాలి.

హెలికాప్టర్ శబ్దంలో స్టెతస్కోపు పనిచేయదు. రోగి మూలిగినా వినబడదు. చిన్న హెలికాప్టర్‌లో రోగి కాళ్ల దాకా చేయి చాపడానికి చోటుండదు, గుండె ఆగితే ఛాతీ మీద సరిగ్గా నొక్కడం కష్టం. కాబట్టి చేయాల్సిందంతా నేల మీదే చేసి ఎక్కించాలి. స్పృహ స్కోరు (రోగి ఎంత తెలివిలో ఉన్నాడో 15కి లెక్కించే అంకె) 8 లేదా అంతకంటే తక్కువ ఉంటే ముందే శ్వాసనాళంలో గొట్టం వేయాలి. గాల్లో వేద్దాం అనుకోవడం జూదం.

రోడ్డుకూ దాని చిక్కులున్నాయి. అంబులెన్స్‌లో రోగి తల సాధారణంగా డ్రైవర్ వైపు ఉంటుంది. ఘాట్ దిగుతున్నప్పుడు తల కిందికీ కాళ్లు పైకీ వాలతాయి. బ్రేకు నొక్కిన ప్రతిసారీ రక్తం తల వైపు నెట్టుకొస్తుంది. తలలో ఇప్పటికే ఒత్తిడి పెరిగిన మనిషికి ఇది మంచిది కాదు. స్ట్రెచర్‌ను తల వైపు 30 డిగ్రీలు ఎత్తి ఉంచడం, వెన్నెముకకు దెబ్బ ఉందన్న అనుమానం ఉంటే స్ట్రెచర్ మొత్తాన్నే వాల్చడం, డ్రైవర్‌కు "మెల్లగా, ఒకే వేగంతో" అని గట్టిగా చెప్పడం, ఇవన్నీ చికిత్సలో భాగమే. 108లో డ్రైవర్‌ను పైలట్ అని పిలుస్తారు. తలగాయం రోగితో ఘాట్ దిగుతున్నప్పుడు ఆయన పాదం కింద ఉన్న బ్రేకు నిజంగా వైద్య పరికరమే.

ఆక్సిజన్ లెక్క కూడా చెప్పాలి. బి టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇస్తే రెండున్నర గంటల్లో అయిపోతుంది. పాడేరు నుంచి ప్రయాణం మూడు గంటలు! ఘాట్‌లో లారీ అడ్డం పడిందంటే ఇంకో గంట. ఒక్క సిలిండర్‌తో బయలుదేరిన అంబులెన్స్ మధ్యదారిలో ఖాళీ అవుతుందని కాగితం మీద గుణించినా తెలుస్తుంది. తలకు దెబ్బ తగిలినవాళ్లలో ఆక్సిజన్ పడిపోవడం, పై బీపీ ఒక్కసారైనా 90 కిందికి దిగడం మరణాల ముప్పును బాగా పెంచుతాయని 1990ల నుంచీ తెలుసు. బీపీ ఒక్కసారి పడిపోయినవాళ్లలో మరణాలు దాదాపు రెట్టింపు ఉన్నాయి.

కొండలు, మబ్బులు

హెలికాప్టర్‌కూ ప్రమాదాలుంటాయి. ఈ మాట తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారిని కైకలూరు దగ్గర పోగొట్టుకున్నాం. 2009 సెప్టెంబర్ 2న వానలో నల్లమల మీదుగా వెళ్తున్న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖర రెడ్డి గారిని పోగొట్టుకున్నాం. ముఖ్యమంత్రి ఎక్కిన హెలికాప్టర్‌కే వానాకాలపు కొండల మీద అలా జరిగితే, రోగి కోసం తొందరపడుతూ, తెలియని మైదానంలో దిగాల్సిన హెలికాప్టర్ సంగతి ఆలోచించండి. 2024 అక్టోబర్ 29న ఎయిమ్స్ రిషికేశ్‌లో ప్రారంభమైన హెలీ అంబులెన్స్ దేశానికి మంచి ఆరంభం. అదే హెలికాప్టర్ 2025 మే 17న కేదార్‌నాథ్‌లో దిగుతూ తోక విరగ్గొట్టుకుంది. లోపల ఉన్న పైలట్, డాక్టర్, నర్సు ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన్యం కొండల మీద మబ్బు దిగి ఉంటుంది. చలికాలం పొద్దున్నే లంబసింగి, పాడేరు, అరకు పొగమంచులో మునిగిపోతాయి, ఆ మంచు చూడటానికే జనం వెళ్తారు. కళ్లతో దారి చూసుకుంటూ నడపాల్సిన హెలికాప్టర్‌కు ఇవి ఎగరకూడని గంటలు. డోలీ కట్టి మనిషిని మోసుకొచ్చే రోజులు కూడా ఎక్కువగా వానాకాలంలోవే. అంటే బాగా అవసరమైన రోజుల్లోనే హెలికాప్టర్ అందకపోయే అవకాశం ఎక్కువ. ఎవరైనా పథకం రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం మొదటి పేజీలో పెట్టుకోవాలి. పైలట్‌కు రోగి పరిస్థితి చెప్పకూడదన్న నియమం చాలా హెలికాప్టర్ అంబులెన్స్ సర్వీసుల్లో ఉంటుంది. చిన్నపిల్లవాడు చావుబతుకుల్లో ఉన్నాడని తెలిస్తే ఏ పైలట్ అయినా మబ్బులో కూడా వెళ్లాలనే అనుకుంటాడు. వెళ్లాలా వద్దా అన్న నిర్ణయాన్ని జాలి నుంచి విడదీయడానికే ఆ నియమం.

నిమిషాలు పోయేది ఆసుపత్రి గుమ్మం లోపలే

"గోల్డెన్ అవర్" మాట అందరికీ తెలుసు. బాల్టిమోర్‌లో ట్రామా వైద్యానికి పేరు తెచ్చిన సర్జన్ ఆడమ్స్ కౌలీ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. 2019లో సవరించిన మన మోటారు వాహనాల చట్టం కూడా గాయమైన తర్వాతి ఒక గంటను గోల్డెన్ అవర్‌గా నిర్వచించింది. 2001లో ఇద్దరు పరిశోధకులు సరిగ్గా గంటే అనడానికి మూలం ఏమిటని వెతికితే గట్టి ఆధారం దొరకలేదు. త్వరగా చికిత్స చేయాలన్నది నిజం. అరవయ్యో నిమిషం దగ్గర తలుపు మూసుకుపోతుందన్నది నిజం కాదు. పాడేరు నుంచి విశాఖకు గంటలో చేర్చడం ఏ వాహనంతోనూ అయ్యే పని కాదు కాబట్టి, ఆ గంటలో చేయాల్సింది పాడేరులోనే చేయాలి.

ఈ ఆలోచన వెనుక ఒక కుటుంబం దుఃఖం ఉంది. 1976 ఫిబ్రవరిలో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టర్ నడుపుతున్న చిన్న విమానం పొలాల్లో కూలింది. భార్య అక్కడికక్కడే చనిపోయింది, పిల్లలు తీవ్రంగా గాయపడ్డారు. దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో తన పిల్లలకు జరిగిన వైద్యం చూసి ఆయన తల్లడిల్లారు. పొలంలో తాను చేయగలిగిన దానికంటే అక్కడ తక్కువ జరిగిందని అన్నారు. ఆ బాధలోంచే 1978లో తీవ్ర గాయాలకు మొదటి గంటల్లో ఏ వరుసలో ఏం చేయాలో నేర్పే శిక్షణ పుట్టింది. ఏటీఎల్ఎస్ పేరుతో ఇప్పుడు ప్రపంచమంతా నేర్పేది అదే. అది తయారైంది పాడేరు లాంటి ఆసుపత్రులను దృష్టిలో పెట్టుకునే.

ఆ శిక్షణ చెప్పే ముఖ్యమైన మాట: నీ దగ్గర ఆపరేషన్ చేయలేవని తెలిస్తే, పంపడాన్ని ఆలస్యం చేసే పరీక్షలు చేయకు. మన దగ్గర తరచూ జరిగేది దీనికి వ్యతిరేకం. ఎక్స్‌రే, తర్వాత స్కానింగ్, తర్వాత రిపోర్టు కోసం ఎదురుచూపు. తర్వాత ఊరి నుంచి బంధువులు రావాలి. తర్వాత ఏ ఆసుపత్రిలో బెడ్ ఉందో తెలియక నాలుగు ఫోన్లు. చివరికి వైజాగ్ చేరాక, తెచ్చిన ఫిల్ము సరిపోదని మళ్లీ సీటీ. ఈ వరుసలో ఒక్కో చోట అరగంట పోతుంది. పై లెక్కలో హెలికాప్టర్ మిగిల్చిన 35 నిమిషాలు ఇక్కడ ఒక్క ఫోన్ కాల్‌తో మిగులుతాయి. పాడేరు డ్యూటీ డాక్టర్ కేజీహెచ్ డ్యూటీ డాక్టర్‌తో నేరుగా మాట్లాడి, "వస్తున్నారు, తలగాయం, ఎడమ కనుపాప పెద్దదైంది, బీపీ ఇంత" అని చెబితే, థియేటర్, రక్తం, సీటీ మూడూ ముందే సిద్ధమవుతాయి.

పంపే ముందు చేయాల్సినవి ఎక్కువేం కాదు. బయటికి కారే రక్తాన్ని ఆపాలి, కటి ఎముక విరిగితే బిగించి కట్టాలి, ఛాతీలో గాలి చేరితే గొట్టం వేయాలి, ఒంటిని వెచ్చగా ఉంచాలి. రక్తం పోయి ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే గుణం తగ్గి, ఇంకా రక్తం పోతుంది. ఏసీ వేసిన అంబులెన్స్‌లో తడి బట్టలతో పడుకోబెట్టడం అందుకే ప్రమాదం. ఇక రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్. 40 దేశాల్లో 20 వేలకు పైగా గాయపడినవాళ్ల మీద జరిగిన క్రాష్-2 పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి, అందులో మన దేశం కూడా పాల్గొంది. గాయమైన మూడు గంటల లోపు ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవాళ్లు తగ్గారు, ఎంత ముందు ఇస్తే అంత మేలు. మూడు గంటలు దాటాక ఇస్తే హాని కనిపించింది. పాడేరులో ఇవ్వకుండా "వైజాగ్‌లో చూసుకుంటారు" అని పంపితే, ఘాట్ దిగేసరికి ఆ మూడు గంటలూ అయిపోతాయి. ఖరీదైన హెలికాప్టర్ గురించి మాట్లాడే ముందు, ప్రతి పీహెచ్‌సీ అలమరాలో ఈ చవక మందు ఉందా అన్నది అడగాలి.

గాయపడిన మనిషికి ప్రాణం నిలబెట్టే చికిత్స చేయడం ప్రతి డాక్టర్ బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. చికిత్స మొదలుపెట్టకుండా చీటీ రాసి పంపడం ఆ తీర్పుకు విరుద్ధం.

విశాఖకు ఏం కావాలి

హెలికాప్టర్ వద్దని నేను అనడం లేదు. పగటిపూట, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, పై మన్యంలో తీవ్రంగా గాయపడిన మనిషికి అది నిజంగా ప్రాణదాత కాగలదు. బస్సు లోయలో పడి ఇరవై ముప్ఫై మంది ఒకేసారి గాయపడితే, దగ్గర్లో ఉన్న అంబులెన్స్‌లన్నీ ఘాట్ దిగి వెళ్లిపోయాక మిగిలినవాళ్ల గతేమిటన్న ప్రశ్నకు కూడా అది జవాబు. మన్యంలో ఎదురుకాల్పుల్లో గాయపడిన పోలీసులను హెలికాప్టర్‌లో విశాఖ తెచ్చిన సందర్భాలున్నాయి. అంటే ఆ కొండల మీదుగా ఆ పని సాధ్యమేనని ఇప్పటికే రుజువైంది. గిరిజన రైతుకు కూడా అది అందాలనడం అత్యాశ కాదు. అందాలి.

అయితే దానికి షరతులున్నాయి. హెలికాప్టర్ విశాఖలోనే నిలబడి ఉండాలి. ట్రామాలో శిక్షణ పొందిన డాక్టర్ అందులో వెళ్లాలి. పెద్ద ఆసుపత్రి పక్కనే దిగాలి. మూడోది అతి ముఖ్యం. సివిల్ విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారాక హెలీ అంబులెన్స్‌ను కూడా అక్కడే దింపుదామని ఎవరైనా అంటే, నగరానికి అక్కడి నుంచి దాదాపు 45 కిలోమీటర్లు. కొండల మీదుగా గెలిచిన టైమంతా ఆ రోడ్డు మీద ఓడిపోతాం. కేజీహెచ్ మహారాణిపేటలో కొండవాలు మీద, ఇరుకు రోడ్ల మధ్య ఉంది. అక్కడ దిగే చోటు తీయడం కష్టం. హైవే పక్కన ఉన్న విమ్స్ వైపు ఆలోచించడం మేలనిపిస్తుంది. కానీ అప్పుడు న్యూరోసర్జరీ, రక్తం, ట్రామా బృందం రాత్రీ పగలూ అక్కడే ఉండాలి. దిగే చోటు ఒక ఆసుపత్రిలో, ఆపరేషన్ చేసే డాక్టర్ ఇంకో ఆసుపత్రిలో ఉంటే ఆ హెలిప్యాడ్ ఫొటోలకే పనికొస్తుంది.

హెలికాప్టర్ ఖర్చు గంటకు లక్షల్లో ఉంటుంది. మధ్యప్రదేశ్‌లో ఆయుష్మాన్ కార్డున్న పేదలకు ప్రభుత్వమే ఎయిర్ అంబులెన్స్ ఉచితంగా ఇచ్చే పథకం 2024లో మొదలైంది, కాబట్టి డబ్బు దాటలేని గోడ కాదు. కానీ అదే డబ్బుతో వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్‌లు ఎన్ని వస్తాయి, వాటిలో కూర్చునే మత్తు డాక్టర్లకు, నర్సులకు ఎన్ని నెలల జీతం వస్తుంది అన్నది పక్కపక్కన పెట్టి చూడాలి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైనప్పుడు అది దేశానికే దారి చూపింది. తర్వాత వాహనాలు పెరిగాయి, కొండ ఊళ్లకు బైకు మీద వెళ్లే ఫీడర్ అంబులెన్స్‌లు వచ్చాయి. ఇప్పుడు లోటు వాహనంలో కంటే వాహనం లోపల ఉంది. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని మూడు గంటలు ఒంటరిగా చూసుకోవాల్సిన ఈఎంటీ (అంబులెన్స్‌లో ఉండే వైద్య సిబ్బంది) మీద మనం మోయలేని భారం పెడుతున్నాం.

రాత్రి పది గంటలకు పాడేరు క్యాజువాలిటీలోకి తలగాయంతో వచ్చిన మనిషి కోసం ఈ లెక్కంతా మళ్లీ వేసి చూడండి. ఆ గంటలో కొండల మీద హెలికాప్టర్ ఎగరదు. ఉండేది ఘాట్ రోడ్డూ, అంబులెన్సూ. అందులో రెండు నిండు సిలిండర్లు, పనిచేసే మానిటర్, మత్తు డాక్టర్ ఉండాలి. అటువైపు ఫోన్ ఎత్తే న్యూరోసర్జన్ ఉండాలి. కొత్త హెలికాప్టర్ కొనే రోజు వచ్చినా రాకపోయినా, రాత్రి డ్యూటీకి ఒక డాక్టర్‌నూ ఒక నర్సునూ ప్రత్యేకంగా తరలింపుల కోసమే పాడేరు, అరకు, నర్సీపట్నం ఆసుపత్రుల్లో పెట్టడానికి ఎవరి అనుమతీ ఆకాశం నుంచి రానక్కర్లేదు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.